తల మాత్రం వద్దు

ఢాం!

వెనక అద్దం భళ్లున పగిలింది.

కోలీన్ తల వంచేసింది. స్టీరింగ్ మాత్రం వదల్లేదు. ట్రక్కు రోడ్డు దిగి, ఇసుకలో ఊగి, మళ్లీ రోడ్డెక్కింది.

ఢాం!

రెండో గుండు... పక్క సీట్లో టంగ్‌మని మోగింది.

ఆమె చటుక్కున అటు తిరిగింది.

పక్క సీట్లో ఐవీ ఉంది!

సీటు బెల్టు బిగించి కూర్చోబెట్టిన స్టీలు క్యాన్. పాల క్యాన్ కన్నా కొంచెం పెద్దది. దాన్నిండా ద్రవ నైట్రోజన్. ఆ నైట్రోజన్ అడుగున ఐవీ తల.

తల ఒక్కటే.

ఐవీ ఆమె చెల్లెలు. పందొమ్మిదేళ్లు. రక్తానికి వచ్చిన కాన్సర్. 'చచ్చిపోయింది' అనే మాట కోలీన్ నోటి వెంట రాదు. ఆమె పనిచేసే కేంద్రంలో ఎవరి నోటి వెంటా రాదు. అక్కడ శవాలుండవు. పేషెంట్లే ఉంటారు. గడ్డకట్టి, నిద్రపోతూ, ఏదో ఒక కాలంలో ఎవరో వచ్చి లేపుతారని ఎదురుచూస్తూ ఉంటారు. మెదడు చెడకుండా ఉంటే చాలు, ఒళ్లు ఆ కాలంవాళ్లే చేసిస్తారు.

అదీ వాళ్ల నమ్మకం. కోలీన్ నమ్మకం కూడా.

ఆమె ఒంటి చేత్తో క్యాన్‌ని తడిమింది. పక్కన చిన్న చిల్లు. వేలు పట్టేంత.

స్స్‌స్...

లోపలి గోడ బాగానే ఉంది. పగిలింది బయటి గోడ. కానీ ఆ రెండు గోడల మధ్య గాలి కూడా లేకపోవడం వల్లే ఇన్నాళ్లూ చల్లదనం నిలిచింది. ఇప్పుడు గాలి దూరింది!

చూస్తుండగానే స్టీలు మీద తెల్లగా మంచు పేరుకుంటోంది. మూత కింద నుంచి పొగ పొంగుతోంది. సీటు మీదుగా జారి ఆమె కాళ్ల మీదకి వస్తోంది.

నైట్రోజన్ మరిగిపోతోంది!

అద్దాలన్నీ దించేసింది. ఆ పొగ నిండితే ఊపిరి ఆడదు. తెలివి తప్పుతున్నట్టు కూడా తెలియకుండా తెలివి తప్పుతుంది.

తూర్పున కొండల అంచు ఎర్రబడుతోంది.

జులై నెల. అరిజోనా. ఇంకాసేపట్లో ఎండ వస్తుంది... ఎండ కాదు, నిప్పులు.

ఫోన్ మోగింది.

డాక్టర్ ట్రాస్క్.

అద్దంలో చూసింది. వెనక వెండిరంగు వ్యాన్. అదే... పేషెంట్లని తీసుకురావడానికి వెళ్లే వ్యాన్. ఐవీని తెచ్చిన వ్యాన్.

ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

"బండి ఆపమ్మా కోలీన్." మంచం పక్కన కూర్చుని మాట్లాడే గొంతు. మెత్తగా ఉంది. "నేను నీ మీద కాల్చట్లేదు."

"మరి గాల్లోకా డాక్టర్?"

"క్యాన్ మీద."

కోలీన్ పళ్లు కొరుక్కుంది. యాక్సిలరేటర్ నేలకి అదిమింది.

"మీరే దాన్ని గడ్డకట్టించారు. మీ చేతుల్తో!"

"అవును. బాగా చేశాను కూడా. అంత చక్కగా కుదిరిన పేషెంట్ మన దగ్గర ఇంకొకరు లేరు. అందుకే ఏడుపొస్తోంది."

"దాని గుండె ఇంకా కొట్టుకుంటుండగానే ఇంజెక్షన్ ఇచ్చారట కదా?"

అవతల వ్యాన్ ఇంజన్ మోత పెరిగింది.

ఆ సంగతి ఆమెకి నిన్ననే తెలిసింది. పోలీస్ డిటెక్టివ్ బెగే చెప్పింది. ఆ రోజు మంచం పక్కనున్న నర్సు నోరు విప్పిందట. కోలీన్ ఐస్ తేవడానికి వరండాలోకి వెళ్లిన ఆ కాసేపట్లో... ట్రాస్క్ సూది గుచ్చాడు. గుండె ఆగేదాకా ఆగాల్సిన మనిషి ఆగలేదు.

ఆ మందు ఐవీ మెదడులో ఇంకా ఉంటుంది. గడ్డకట్టి, చెక్కుచెదరకుండా. కోర్టు ఆర్డరిచ్చింది. ఇవాళ పొద్దున్నే తలని పోస్ట్‌మార్టానికి తీసుకెళ్లాలి.

పోస్ట్‌మార్టం అంటే కరిగించడం. కొయ్యడం. ముక్కలు చెయ్యడం.

సాక్ష్యం దొరుకుతుంది. ఐవీ ఉండదు. ఇక ఎప్పటికీ ఉండదు.

వద్దని కోలీన్ బతిమాలింది. బెగే తల అడ్డంగా ఊపింది. 'సారీ కోలీన్. ఇది హత్య కేసు.'

ఇవాళ తెల్లవారుజామున చివరిసారి చూసుకుందామని స్టోరు గదిలోకి వెళ్తే... అక్కడ ట్రాస్క్! ఐవీ క్యాన్ మూత తీసి, పటకారు చేత్తో పట్టుకుని!

అతన్ని ఒక్క తోపు తోసింది. క్యాన్ మూత పెట్టి బయటికి తెచ్చి, తలుపుకి గడియ పెట్టింది. దాన్ని ట్రక్కులో వేసుకుని బయల్దేరింది. రాష్ట్రం సరిహద్దు దాటితే ఈ కోర్టు ఆర్డరు చెల్లదని ఆశ. కానీ ఆ గడియ ట్రాస్క్‌ని ఎక్కువసేపు ఆపలేదు.

కొయ్యడానికి ఒకరు. కరిగించడానికి ఇంకొకరు. మధ్యలో తను.

"ఇంకో రెండ్రోజులు ఆగితే జ్వరం దాని మెదడుని ఉడికించేసేది," అన్నాడు ట్రాస్క్. "నేను చంపలేదు కోలీన్. కాపాడాను. కోర్టుకి ఆ తేడా తెలియదు. నన్ను లోపలేస్తారు. కేంద్రం మూసేస్తారు. మిగతా నూట అరవై మంది పేషెంట్ల సంగతేంటి? ఆరేళ్లుగా నైట్రోజన్ పోస్తున్నది నువ్వే కదా? రోజూ పేరుపేరునా గుడ్ మార్నింగ్ చెప్తావు. వాళ్లంతా వెచ్చబడి కుళ్లిపోవాలా, ఒక్కదాని కోసం?"

"ఐవీ కూడా పేషెంటే!"

"దానికి నొప్పి తెలీదు. నిద్రలోనే పోతుంది."

కోలీన్‌కి కళ్లు మండాయి.

"మీ క్యాన్ ఉందా డాక్టర్ వ్యాన్లో?"

"ఎప్పుడూ ఉంటుంది."

కేంద్రంలో అందరూ దాని మీద జోకులేసేవాళ్లు. డాక్టర్ గారు బ్రెడ్డు కొనడానికి వెళ్లినా తన క్యాన్ వెంట ఉండాల్సిందే అని. పేరు చెక్కించి, ఎప్పుడూ నిండుగా నైట్రోజన్ పోయించి! దారిలో ఏ లారీ గుద్దినా, ఎక్కడ పడిపోయినా... తన తలకి క్యాన్ సిద్ధం.

"అయితే అందులో మీరే దూకండి!"

ఫోన్ కట్ చేసింది.

సరిహద్దు చాలా దూరం. ఐవీకి అంత టైమ్ లేదు. నైట్రోజన్ కావాలి. ఇప్పుడే! ఈ ఎడారిలో ఎవరి దగ్గరుంటుంది?

ఠక్కున గుర్తొచ్చింది.

నైట్రోజన్ ట్యాంకర్ డ్రైవర్ ఎప్పుడూ చెప్తుండేవాడు. 'మీ తర్వాత నేను పోసేది ఒపల్ డెంట్‌కి. మీరు మనుషుల్ని దాస్తారు, ఆవిడ ఎద్దుల్ని దాస్తుంది.'

లైట్లు ఆర్పేసింది. మలుపు తిరగ్గానే ఎడమ వైపు మట్టిరోడ్డులోకి దూకింది. తుప్పలు బండిని గీరుతున్నాయి. వ్యాన్ మెయిన్ రోడ్డు మీద దూసుకుపోయింది.

పోయింది...

లేదు. బ్రేక్ లైట్లు! వెనక్కి తిరుగుతోంది!

* * *

"అక్కడే ఆగు! కాలు కదిపితే మోకాలు ఉండదు!"

వాకిట్లో ముసలమ్మ. నైటీ మీద మగవాళ్ల కోటు. చేతిలో తుపాకీ.

"నైట్రోజన్ కావాలి!" కోలీన్ క్యాన్‌ని పొట్టకి హత్తుకుని దిగింది. అరచేతులు మంచుకి అతుక్కుంటున్నాయి. "ప్లీజ్! చచ్చి మీ కడుపున పుడతాను!"

"ఈ వయసులో నాకొద్దు." ఒపల్ డెంట్ తుపాకీ దించలేదు. "పొద్దున్నే వచ్చి పాలడుగుతారు, గుడ్లడుగుతారు. నైట్రోజన్ అడిగింది మాత్రం నువ్వొక్కదానివే. ఏముంది అందులో?"

"మా చెల్లెలు."

ఒపల్ క్యాన్ వైపు చూసింది. కోలీన్ చేతికున్న, కేంద్రం సభ్యులు వేసుకునే స్టీలు కడియం వైపు చూసింది.

"ఓహో... మనుషుల్ని ఊరబెట్టే ఆ పిచ్చోళ్లా!" తుపుక్కున ఉమ్మింది. "పూడ్చెయ్ పిల్లా. పోయినవాళ్లు పోయినట్టే. లేచి వస్తారా ఏమన్నా?"

కోలీన్ షెడ్డు వైపు చూపించింది. తలుపు తెరిచే ఉంది. లోపల పెద్ద ట్యాంకు. దాని పక్కన చిన్న క్యాన్. దాని మీద ఎర్ర రంగుతో పేరు.

"ఆ జనరల్ ఎవరు?"

"నా ఎద్దు."

"ఎక్కడుంది?"

"పోయి చాలా ఏళ్లయింది. వాడి బీజం దాచాను." ఒపల్ మొహం కొంచెం మెత్తబడింది. "వాడిలాంటివాడు మళ్లీ పుట్టలేదు. మొన్న ఏప్రిల్లో కూడా దూడ పుట్టింది వాడికి. అచ్చు వాడి నుదురే..."

ఆగిపోయింది.

పొగ ఇద్దరి కాళ్ల చుట్టూ తిరుగుతోంది.

తుపాకీ దిగింది.

"నోరు గట్టిదానివే," అంది ఒపల్. "పద లోపలికి. జగ్గు ఆ మేకుకి ఉంది."

కోలీన్ పరిగెత్తింది. పెద్ద ట్యాంకు కుళాయి తిప్పింది. జగ్గు పట్టింది. క్యాన్ మూత ఎత్తింది.

నైట్రోజన్ సగానికి పైగా పోయింది! ఐవీ జుట్టు కనిపిస్తోంది. మంచు పట్టిన, గోధుమరంగు జుట్టు.

"ఉండవే... ఉండవే తల్లీ..."

ఒక జగ్గు. సలసల పొంగింది. ఇంకో జగ్గు. దాహంతో తాగినట్టు తాగేస్తోంది క్యాన్. జుట్టు మునిగింది.

మూడో జగ్గు పట్టింది.

బయట టైర్ల చప్పుడు!

"ఎవడ్రా అది?" ఒపల్ తుపాకీ ఎత్తి గుమ్మంలోకి నడిచింది.

వ్యాన్ దిగిన ట్రాస్క్ రెండు చేతులూ పైకెత్తాడు. తెల్ల కోటు. నీట్‌గా దువ్విన జుట్టు. మొహాన చిరునవ్వు.

"డాక్టర్ని మేడమ్. ఆ అమ్మాయి మా దగ్గర పనిచేస్తుంది. చెల్లెలు పోయిన దగ్గర్నుంచి మతి సరిగా లేదు పాపం. మిమ్మల్ని ఏమీ చెయ్యలేదు కదా?"

"అబద్ధం!" అరిచింది కోలీన్.

ఒపల్ తల ఒక్క క్షణం ఆమె వైపు తిరిగింది.

ఆ ఒక్క క్షణం చాలు.

ట్రాస్క్ తుపాకీ గొట్టం పట్టి లాగేశాడు. దాన్ని దూరంగా విసిరేశాడు. ముసలమ్మని పక్కకి నెట్టాడు. ఆమె గోడకి కొట్టుకుని కూలబడింది. అతని చేతిలోకి పిస్టల్ వచ్చింది.

"సారీ మేడమ్," అన్నాడు మర్యాదగా.

పెద్ద ట్యాంకు మీద కాల్చాడు!

పైపు ఊడిపోయింది. నైట్రోజన్ కుక్కర్ ఆవిరిలా ఎగజిమ్మింది. షెడ్డంతా తెల్లటి పొగ. నేల మీద మోకాలి లోతు!

"నా జనరల్!" ఒపల్ కేక పెట్టింది. పాక్కుంటూ వెళ్లి ఎద్దు క్యాన్ చెవి పట్టుకుంది. దగ్గుతూ, తిడుతూ, దాన్ని బయటికి ఈడ్చుకుపోతోంది. "నీ చేతులు పడిపోను! నీకు నీళ్లు పుట్టకపోను!"

ట్రాస్క్ ఆమె వైపు కూడా చూడలేదు.

పిస్టల్ ఐవీ వైపు తిరిగింది.

కోలీన్ అడ్డం నిలబడింది. చేతిలో జగ్గు. ఇక ఉన్న నైట్రోజన్ అదే.

"తప్పుకో."

"నన్ను కాల్చండి ముందు."

"సరే." అతను తలాడించాడు. ఏదో చిన్న సాయం అడిగినట్టు. "నీ చేతికీ కడియం ఉంది కదా. భయపడకు. గుండెకి కొడతాను. తల జోలికి రాను. వ్యాన్ నిండా ఐస్ ఉంది, నేనే దగ్గరుండి చేస్తాను. నీకు చావు లేదమ్మా. చిన్న కునుకు, అంతే."

కడియం మీద చెక్కిన మాటలు ప్రతి సభ్యుడికీ కంఠతా వచ్చు. పోస్ట్‌మార్టం చెయ్యకండి. వెంటనే ఐస్‌లో పెట్టండి. తల జాగ్రత్త.

అతను నిజంగానే అంటున్నాడు! అతని కళ్లలో దయ ఉంది!

కోలీన్ జగ్గుని గట్టిగా పట్టుకుంది.

జగ్గు ఐవీకి పోస్తే ఇంకాసేపు బతుకుతుంది. ఇంకాసేపే...

పోయలేదు.

విసిరింది!

జగ్గెడు నైట్రోజన్ అతని కుడి చెయ్యి మీద పడింది. కోటు చెయ్యి మొత్తం పీల్చుకుంది. గుడ్డ చర్మానికి కరుచుకుంది.

అతని అరుపు మనిషి అరుపులా లేదు.

పిస్టల్ జారింది. పొగలోకి దిగి, నేల మీద తడిమి, కోలీన్ దాన్ని అందుకుంది. ట్రాస్క్ చెయ్యి పట్టుకుని గింగిరాలు తిరుగుతూ బయటికి పరిగెత్తాడు. వ్యాన్ వెనక తలుపు దాకా వెళ్లి మోకాళ్ల మీద పడ్డాడు.

సూర్యుడు కొండ ఎక్కేశాడు.

కోలీన్ పిస్టల్ అతని గుండెకి గురిపెట్టింది.

అతను నవ్వాడు! నొప్పికి మొహం వంకర్లు పోతున్నా నవ్వాడు.

"కొట్టు. నా క్యాన్ లోపలే ఉంది. నా వాళ్లకి ఫోన్ చేశాను, వెనకే వస్తున్నారు. పోలీసుల కన్నా ముందే నన్ను సర్దేస్తారు. ఎప్పుడో ఓ రోజు కళ్లు తెరుస్తాను. పక్క మంచం మీద ఐవీ ఉంటే గుడ్ మార్నింగ్ చెప్తాను. నువ్వు కూడా చెప్పమన్నావని చెప్తాను."

కోలీన్ పిస్టల్ పైకి జరిపింది.

గొంతు మీదుగా... ముక్కు మీదుగా...

నుదుటి మీద ఆనించింది.

నవ్వు ఆగిపోయింది.

"కోలీన్..."

"ఏం డాక్టర్?"

"తీసెయ్. అక్కడి నుంచి తీసెయ్!"

ఎడమ చేత్తో ఫోన్ తీసింది. డిటెక్టివ్ బెగే నంబరు. స్పీకర్.

"కోలీన్! ఎక్కడున్నావ్? క్యాన్ ఎక్కడ?" బెగే గొంతు.

"ఒపల్ డెంట్ పశువుల దొడ్లో. వినండి." పిస్టల్ ఇంకాస్త నొక్కింది. "చెప్పు డాక్టర్. ఆ రోజు ఏం చేశావ్?"

తను అతన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారని ఆమె గమనించలేదు. అతను గమనించాడు.

చెప్పాడు. అంతా చెప్పాడు! మందు పేరు. ఎంత ఎక్కించాడో. సూది గుచ్చుతుంటే ఐవీ కళ్లు తెరిచిందని.

"అక్క ఏదీ అని అడిగింది. ఐస్ తెస్తోందని చెప్పాను. చాలా? తియ్యి! తల మీంచి తియ్యి!"

కోలీన్ కంట్లోంచి ఒక్క బొట్టు జారి పిస్టల్ మీద పడింది.

"విన్నారా మేడమ్? ఒప్పుకున్నాడు. ఇక ఐవీని కొయ్యక్కర్లేదు కదా?"

ఫోన్లో సైరన్ మోత.

"మేడమ్?"

"కోలీన్... నీకు అబద్ధం చెప్పను. తుపాకీ పెట్టి చెప్పించిన మాట కోర్టులో నిలవదు. ఆర్డరు ఆర్డరే. పిస్టల్ కింద పెట్టమ్మా. మేం దగ్గర్లోనే ఉన్నాం."

ట్రాస్క్ పెదవి మెల్లగా పైకి లేచింది.

"చూశావా? వాళ్లు కోసే తీరతారు." గుసగుసగా అన్నాడు. "పల్చగా తరుగుతారు. బ్రెడ్డు ముక్కల్లా. నేను కోర్టు మెట్లెక్కినంత కాలం దాన్ని ముక్కలు చేస్తూనే ఉంటారు. నేను బతికున్నంత కాలం..."

ఠక్కున నోరు మూసుకున్నాడు.

కానీ మాట బయటికి వచ్చేసింది.

కోలీన్ అతన్నే చూస్తోంది. రెప్ప వెయ్యకుండా.

"మేడమ్," అంది ఫోన్లోకి. గొంతులో వణుకు లేదు. "ముద్దాయి లేకపోతే కేసు ఉంటుందా?"

"ఏంటి?"

"డాక్టర్ లేకపోతే... ఐవీని కోస్తారా?"

"కోలీన్, వద్దు! కోలీన్!"

అదే జవాబు.

ట్రాస్క్‌కి కూడా అర్థమైంది. ఎడమ చేత్తో చొక్కా గుండీలు తెంపుకున్నాడు. ఛాతీ తెరిచి చూపించాడు.

"ఇక్కడ! ఇక్కడ కొట్టు కోలీన్! నీ కాళ్లు పట్టుకుంటాను! గుండెకి కొట్టమ్మా... తల మాత్రం వద్దు! తల వద్దు..."

ముక్కు కారుతోంది. ప్యాంటు తడిసింది. ఎంతోమంది మంచాల పక్కన కూర్చుని 'భయపడకండి, ఇది చావు కాదు' అని చెప్పిన మనిషి!

"ఐవీ కళ్లు తెరిచి అడిగిందన్నావ్ కదా, అక్క ఏదీ అని."

"కోలీన్..."

"ఇదిగో."

ఢాం!

కంచె అవతల ఆవులు బెదిరి ఒక్కసారిగా పరిగెత్తాయి.

ఎద్దు క్యాన్‌ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒపల్ శిలువ గుర్తు వేసుకుంది. "నేనేం చూడలేదు పిల్లా," అంది. "నా కళ్లజోడు లోపలుంది."

కోలీన్ అతన్ని దాటుకుని వ్యాన్ తలుపు తెరిచింది.

మూలన క్యాన్. మెరుస్తోంది. చుక్క మంచు లేదు బయట. చిల్లు లేదు. డాక్టర్ లైల్ ట్రాస్క్ అని అందంగా చెక్కి ఉంది. మూత ఎత్తింది. అంచు దాకా నిండు నైట్రోజన్, నిశ్చలంగా.

ఒక్కరికే చోటు.

"కోలీన్!" కింద పడిన ఫోన్లో బెగే అరుస్తోంది. "కోలీన్, పలుకు! అంబులెన్స్ పంపిస్తున్నాను! ఎక్కడ తగిలింది అతనికి? గుండెకా?"

కోలీన్ గోడకున్న పటకారు అందుకుంది. ఐవీ కోసం షెడ్డు వైపు పరిగెడుతూ ఫోన్ పక్కన ఒక్క క్షణం ఆగింది.

"కాదు," అంది.